లాభం ఏ కాలువలోకి పారుతోంది? – వ్యాపార విస్తరణ, యాజమాన్యంపై పాఠకుల ప్రశ్నలు

ఒక కంపెనీ ఎన్ని వ్యాపారాలు చేయాలి, అందులో ఎవరికెంత వాటా ఉండాలి అన్న విషయాలపై ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఐదింటికి ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. ప్రశ్నలు వేరైనా అడుగున ఉన్న సందేహం ఒకటే. ఒక వ్యాపారంలో పుట్టిన లాభం తిరిగి అదే వ్యాపారాన్ని మెరుగుపరచడానికి వెళ్తుందా, లేక మరో వైపు మళ్లుతుందా, ఆ మళ్లింపును నిర్ణయించేది ఎవరు?

ప్రశ్న: మాది విజయవాడ ఆటోనగర్. మా నాన్నగారు నలభై ఏళ్ల కిందట లారీలకు బాడీలు కట్టే షెడ్డు పెట్టారు. ఇప్పుడు తయారీ కంపెనీలే క్యాబిన్‌తో, బాడీతో సహా బండ్లు ఇస్తుండటంతో మాకు పని తగ్గింది. తమ్ముడు కోల్డ్ స్టోరేజీ కడదామంటున్నాడు, బావగారు హోటల్ అంటున్నారు, నాన్నగారేమో రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: మీ నాన్నగారి భయానికి ఆధారం ఉంది. అయితే పడవలు ఎన్ని అన్నది ఇక్కడ రెండో ప్రశ్న. మొదటి పడవ నడిపి సంపాదించిన నేర్పు రెండో పడవలో పనికొస్తుందా అన్నది మొదటి ప్రశ్న.

మన జిల్లాల్లోని ఉదాహరణే చూడండి. ఐసీఎస్ అధికారిగా పనిచేసిన వెలగపూడి రామకృష్ణ నెలకొల్పిన కేసీపీ సంస్థ 1941లో ఉయ్యూరు చక్కెర కర్మాగారంతో మొదలైంది. చక్కెర మిల్లు నడిపేవాడికి రోలర్లు, గేర్లు, బాయిలర్ల మంచిచెడ్డలు తెలియక తప్పదు. ఆ సంస్థ 1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో భారీ యంత్రాల కర్మాగారం పెట్టింది, 1958లో సున్నపురాయి దొరికే మాచర్లలో సిమెంటు కర్మాగారం కట్టింది. 1995లో ఉయ్యూరు చక్కెర వ్యాపారం వేరే కంపెనీగా విడిపోయింది. అయినా పాత కేసీపీ సంస్థ ఆ తరువాత వియత్నాం వెళ్లి అక్కడ చక్కెర మిల్లు నడిపింది. కాగితాల మీద ఆస్తులు పంచుకోవచ్చు గానీ, యాభై ఏళ్లు చెరకు ఆడించి, దాన్ని ఆడించే యంత్రాలను కూడా పోతపోసిన నేర్పును ఒక పత్రంతో ఒకవైపుకు రాసివ్వడం కుదరదు. విస్తరణలో అసలు పెట్టుబడి అదేనని నా అభిప్రాయం.

గుంటూరు వారికి ఐఎల్‌టీడీ (దాని పొగాకు ఆకు కొనుగోలు విభాగం) అన్న పేరుతో బాగా తెలిసిన ఐటీసీ కథలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీగా పుట్టిన ఆ సంస్థ, సిగరెట్లకు పెట్టెలు కావాలి కాబట్టి 1925లోనే ముద్రణ, ప్యాకేజింగ్ మొదలుపెట్టింది. పెట్టెలకు అట్ట కావాలి కాబట్టి 1979లో భద్రాచలం దగ్గర సారపాకలో పేపర్‌బోర్డు పరిశ్రమకు వచ్చింది. పొగాకు రైతుల దగ్గర దశాబ్దాల పాటు ఆకు కొని, గ్రేడు కట్టి సంపాదించిన అనుభవం 2000లో ఈ-చౌపాల్‌కు (పల్లెల్లో కంప్యూటర్ల ద్వారా రైతుల దగ్గర నేరుగా పంట కొనే ఏర్పాటుకు), 2002లో ఆశీర్వాద్ గోధుమపిండికి దారి వేసింది. గోధుమ ఏ మండీలో ఏ రకం వస్తుందో, ఏ రకం పిండికి రొట్టె మెత్తగా వస్తుందో తెలిసినవారికి పిండి అమ్మడం కొత్త వ్యాపారమే అయినా కొత్త విద్య కాదు. అదే ఐటీసీ ఫైనాన్స్ రంగంలోకి వెళ్లి ఐటీసీ క్లాసిక్ అనే సంస్థను నడిపినప్పుడు నష్టాల్లో కూరుకుపోయి, 1997లో దాన్ని ఐసీఐసీఐలో కలిపేయాల్సి వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే బోర్డు, ఒకే ఖజానా. ఒకచోట గెలిచి మరోచోట ఓడటానికి కారణం డబ్బు చాలకపోవడం కాదు.

1975లో మొదలైన హోటళ్ల వ్యాపారం ఈ రెండింటికీ మధ్యరకం. అది ఓడిపోలేదు, మంచి పేరే తెచ్చుకుంది. కానీ హోటల్ భవనాలు మూలధనాన్ని విపరీతంగా తింటాయి, అది తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. సిగరెట్ల లాభం భవనాల్లోకి వెళ్తోందన్న మదుపరుల అసంతృప్తి చాలాకాలం నడిచాక, 2025 జనవరి 1 నుంచి హోటళ్లు వేరే కంపెనీ అయ్యాయి. మాతృసంస్థ దాదాపు 40 శాతం వాటా ఉంచుకుని మిగతా వాటా తన వాటాదారులకు పంచింది. మీ బావగారికి ఈ సంగతి చెప్పండి. శతాబ్ది దాటిన సంస్థకే హోటల్ అంత బరువైతే, బాడీ షెడ్డు ఆదాయంతో హోటల్ కట్టడం పొరుగింటి పుల్లకూర రుచి వంటిదే అవుతుంది.

పరిశోధకులు చెప్పేదీ వినాలి. అమెరికాలో ఫిలిప్ బర్గర్, ఎలీ ఓఫెక్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో, అనేక వ్యాపారాలు చేసే కంపెనీల విలువ, అవే వ్యాపారాలను విడివిడిగా చేసే కంపెనీల విలువతో పోలిస్తే 13 నుంచి 15 శాతం తక్కువగా కనిపించింది. వ్యాపారాలు ఒకదానికొకటి దగ్గరివైనప్పుడు ఆ లోటు తగ్గింది. తరువాత వచ్చినవారు దీన్ని ప్రశ్నించారు. అప్పటికే నీరసించిన కంపెనీలే కొత్త వ్యాపారాల వైపు చూస్తాయి, కాబట్టి లోటుకు విస్తరణే కారణమని ఎలా అంటామన్నది వారి వాదన. మీ పరిస్థితికి ఈ వాదన బాగా సరిపోతుంది, ఎందుకంటే మీరు విస్తరణ గురించి ఆలోచిస్తున్నదే పని తగ్గింది కాబట్టి. మన దేశపు గ్రూపుల మీద, అంటే ఒకే యాజమాన్యం కింద ఉన్న కంపెనీల సమూహాల మీద, తరుణ్ ఖన్నా, కృష్ణ పాలెపు 2000లో చూపించింది మరింత ఆసక్తికరం. గ్రూపు కొద్దిగా విస్తరించినప్పుడు దాని కంపెనీల పనితీరు తగ్గింది, విస్తరణ ఒక స్థాయి దాటాక మళ్లీ పెరిగింది. బ్యాంకు అప్పు, నమ్మకమైన మేనేజర్లు, తగాదాలు తీర్చే కోర్టు, సరుకు మీద నమ్మకం కలిగించే పేరు, వీటిని బయట సులభంగా కొనుక్కోలేని దేశంలో పెద్ద గ్రూపు వాటిని తన లోపలే సమకూర్చుకుంటుందని వారి వివరణ. అంటే టాటాలకు కలిసొచ్చేది టాటాల పరిమాణం వల్ల. రెండు, మూడు వ్యాపారాలతో ఆగిపోయే మధ్యతరహా కుటుంబం ఖర్చు భరిస్తుంది గానీ ఆ లాభం దాకా చేరదు.

అప్పుతో చేసే విస్తరణ గురించి ఒక్క మాట. రోడ్లు, విద్యుత్తు, సోలార్ అంటూ పెరిగి, 2011లో ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ బొగ్గు గనులు కూడా కొన్న మన తెలుగువారి ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్, 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలా చర్యలకు పంపిన మొదటి 12 మొండిబాకీ ఖాతాల్లో ఉంది. మరుసటి ఏడాదే లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి మూసేసే స్థితికి వెళ్లింది. ఒక వ్యాపారం కుదేలైతే మరొకటి ఆదుకుంటుందన్న ధీమా, అన్నింటికీ పూచీ ఒకటే అయినప్పుడు తలకిందులవుతుంది.

ఇక మీ సంగతి. గుంటూరు చుట్టూ మిర్చి కోసం కట్టిన కోల్డ్ స్టోరేజీలు ఇప్పటికే చాలా ఉన్నాయి, ఆ పోటీలో మీకు ప్రత్యేకమైన బలమేమీ లేదు. కానీ రొయ్యలు, పాలు, మందులు, పండ్లు మోసే శీతల వాహనాలకు బాడీ కట్టాలంటే రేకు వంచడం, అతుకు దగ్గర చల్లదనం జారిపోకుండా చూడటం, ఛాసిస్ మీద బరువు సరిగా పంచడం తెలియాలి. వీటిలో రెండు మీ షెడ్డులోని మేస్త్రీలకు చేతికి వచ్చిన పనులే. మీ తమ్ముడి ఆలోచనకూ నాన్నగారి జాగ్రత్తకూ మధ్య దారి అక్కడ ఉందేమో చూడండి. నేనైతే ముందు ఒక బండికి కట్టి, దాన్ని ఒక వేసవి అంతా తిప్పి చూస్తాను.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయురాలిని. ప్రమోటర్ల వాటా 70 శాతం ఉన్న ఒక కంపెనీ షేర్లు కొనమని మా అల్లుడుగారు చెబుతున్నారు. వాటా ఎక్కువుంటే సొంత ఇల్లులా చూసుకుంటారన్నది ఆయన నమ్మకం. పక్కింటివారు సత్యం కంపెనీని గుర్తుచేసి భయపెడుతున్నారు. యజమాని వాటా ఎక్కువ ఉండటం మంచిదా, తక్కువ ఉండటం మంచిదా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ అల్లుడుగారి మాట సగం నిజం. మోర్క్, ష్లైఫర్, విష్ణి అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 1988లో అమెరికా పెద్ద కంపెనీలపై చేసిన అధ్యయనంలో, బోర్డు సభ్యుల వాటా 5 శాతం వరకు పెరుగుతున్నప్పుడు కంపెనీ విలువ పెరిగింది, 5 నుంచి 25 శాతం మధ్య తగ్గింది, ఆ పైన మళ్లీ కొంత పెరిగింది. మధ్యలో ఎందుకు తగ్గిందంటే, ఆ స్థితిలో యజమానిని కుర్చీ నుంచి కదిలించడం కష్టమవుతుంది గానీ కంపెనీ నష్టంలో ఆయన భాగం ఇంకా చిన్నదే. అధికారం ముందు వస్తుంది, బాధ్యత వెనక వస్తుంది. వాటా బాగా పెరిగినప్పుడు నష్టం కూడా సొంతమవుతుంది కాబట్టి జాగ్రత్త తిరిగి వస్తుంది.

సత్యం కథను ఈ వెలుగులో చూడండి. 2008 నాటికి ప్రమోటర్ల వాటా పది శాతం కూడా లేదు, ఉన్నదీ తాకట్టులో ఉంది. ఆ ఏడాది డిసెంబరు 16న, సాఫ్ట్‌వేర్ కంపెనీ అయిన సత్యం దాదాపు 160 కోట్ల డాలర్లతో ప్రమోటర్ కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ కొంటుందని ప్రకటించారు. బయటికి చెప్పిన మాట విస్తరణ. మదుపరులు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న సత్యం చైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవనీ, లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టడానికి మేటాస్ కొనుగోలు చివరి ప్రయత్నమనీ ఉంది. విస్తరణ ప్రకటన వచ్చిన ప్రతిసారీ నాకు ఆ లేఖ గుర్తొస్తుంది. కొత్త వ్యాపారం మంచిదా అని అడిగేముందు, దాన్ని అమ్ముతున్నది ఎవరు అని అడగడం నేను అక్కడే నేర్చుకున్నాను.

అయితే 70 శాతం ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చా? ఉండకూడదు. ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన నీరు ప్రధాన కాలువలో ఎంత నిండుగా పారినా, మధ్యలో లస్కరు (కాలువ నీటిని వదిలే ఉద్యోగి) ఏ తూము ఎత్తితే నీరు అటే వెళ్తుంది. కాలువ చివరి భూముల రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కంపెనీలో చిన్న వాటాదారు చివరి భూముల రైతు వంటివాడు. ప్రమోటర్‌కు ఈ కంపెనీలో ఎంత వాటా అన్నది సగం లెక్కే. ఆయనకు వేరే ఏ కంపెనీలో ఇంతకంటే ఎక్కువ వాటా ఉంది, ఈ రెండింటి మధ్య తూము ఉందా అన్నది మిగతా సగం.

లెక్క వేసి చూపిస్తాను. ఒక కుటుంబానికి నూలు మిల్లులో 60 శాతం, స్థలాల వ్యాపారంలో 100 శాతం వాటా ఉందనుకుందాం. మిల్లు నుంచి 10 కోట్లు ఏదో పేరుతో స్థలాల కంపెనీకి చేరితే, మిల్లు వాటాదారులుగా ఆ కుటుంబం నష్టపోయేది 6 కోట్లు, స్థలాల కంపెనీ యజమానులుగా పొందేది 10 కోట్లు. ఆ 4 కోట్ల తేడా మీవంటి వాటాదారులది. కంపెనీ మీద కంపెనీ పేర్చినప్పుడు ఇది ఇంకా పదునెక్కుతుంది. పై కంపెనీలో 51 శాతం, ఆ కంపెనీకి కింది కంపెనీలో 51 శాతం ఉంటే, కింది కంపెనీ లాభంలో కుటుంబం వాటా 26 శాతమే, పెత్తనం మాత్రం పూర్తిగా వారిదే. మరియాన్ బెర్ట్రాండ్, పరాస్ మెహతా, సెంధిల్ ముల్లైనాథన్ 2002లో భారతీయ గ్రూపుల లెక్కలు పరిశీలించి ఇదే జాడ పట్టుకున్నారు. ప్రమోటర్ వాటా తక్కువగా ఉన్న కంపెనీలో పుట్టాల్సిన లాభం అక్కడ పూర్తిగా కనిపించలేదు, వాటా ఎక్కువగా ఉన్న కంపెనీల్లో దాని ఆనవాళ్లు కనిపించాయి. అదీ ఎక్కువగా అసలు వ్యాపారానికి సంబంధం లేని ఇతర ఆదాయాలు, ఖర్చుల పద్దుల్లో.

ఆడిట్ పని చేసిన రోజుల్లో గుంటూరు జిల్లాలోని ఒక మిల్లుకు వరుసగా కొన్నేళ్లు వెళ్లాను. మొదటి ఏడాది నూలు పరీక్షించే గదిలో కొత్త యంత్రం మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, కుర్రాడొకడు గర్వంగా దాన్ని చూపించి పోగు ఎక్కడ సన్నబడుతుందో ఇక కంటితో వెతకనక్కర్లేదన్నాడు. మూడో ఏడాది వెళ్లేసరికి ఆ యంత్రం మీద దుప్పటి కప్పి ఉంది, దానిపై యజమాని కుటుంబపు స్థలాల వెంచర్ బ్రోచర్లు అట్టపెట్టెలతో సహా పేర్చి ఉన్నాయి. యంత్రానికి కావాల్సిన చిన్న విడిభాగం కొనడానికి అనుమతి రాలేదట. అదే ఏడాది లెడ్జర్‌లో స్థలాల కంపెనీకి ఇచ్చిన అడ్వాన్సు కొన్ని కోట్లు పెరిగింది. ఆ కుర్రాడు అప్పటికే కోయంబత్తూరు వెళ్లిపోయాడు. విస్తరణ వల్ల కొత్తదనం ఎలా చచ్చిపోతుందని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ దుప్పటే కళ్లముందు నిలుస్తుంది. ఎవరూ పరిశోధన ఆపేయమని ఉత్తర్వు ఇవ్వరు. అడిగిన పదివేలు రావు, అంతే.

ఇప్పుడు చట్టం కొంత అండగా ఉంది. 2013 కంపెనీల చట్టంలోని 188వ సెక్షనూ, లిస్టయిన కంపెనీలకు షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలూ సంబంధిత వ్యక్తులతో జరిగే పెద్ద లావాదేవీలకు వాటాదారుల ఆమోదం కోరుతున్నాయి, ఆ లావాదేవీలో సంబంధం ఉన్నవారు దానికి అనుకూలంగా ఓటు వేయకూడదు. అంటే మీ వంద షేర్ల ఓటుకు అక్కడ విలువ ఉంది. నోటీసు వచ్చినప్పుడు చదవకుండా పక్కన పెట్టకండి. మీ అల్లుడుగారు చెప్పిన కంపెనీ విషయంలో మూడు సంగతులు చూడండి. ప్రమోటర్ల షేర్లలో ఎన్ని తాకట్టులో ఉన్నాయి, ఆ కుటుంబపు ఇతర కంపెనీలకు అప్పులు, అడ్వాన్సులు, హామీలు ఏటేటా పెరుగుతున్నాయా, కంపెనీ చూపే లాభానికి తగ్గ నగదు నిజంగా చేతికి వస్తోందా. ఈ మూడూ శుభ్రంగా ఉంటే 70 శాతం మంచిదే. కృష్ణా జిల్లా నేపథ్యం ఉన్న మురళి దివి స్థాపించిన దివీస్ లేబొరేటరీస్‌లో ప్రమోటర్లకు సగానికి పైగా వాటా ఉంది. ఆ కంపెనీ ప్రధానంగా మందుల ముడిపదార్థాల తయారీనే పట్టుకుని అదే పనిలో లోతుకు వెళ్లింది. ఎక్కువ వాటా వల్ల వచ్చే ఓపిక అలాంటి చోట కనిపిస్తుంది.

ప్రశ్న: నేను గుంటూరులో ఎంబీఏ చదువుతున్నాను. పెద్ద గ్రూపులకు డబ్బు ఎక్కువ కాబట్టి వాటిలోనే ఆవిష్కరణలు ఎక్కువ జరగాలి కదా? యాజమాన్యానికీ ఆవిష్కరణకూ నిజంగా సంబంధం ఉందా?
– ఒక విద్యార్థి, గుంటూరు

సమాధానం: డబ్బు ఉన్నచోటే ఆవిష్కరణ జరిగితే మన దేశం పరిస్థితి వేరుగా ఉండేది. 2020-21 లెక్కల ప్రకారం దేశ ఆదాయంలో పరిశోధనకు వెళ్లింది 0.64 శాతం, అందులో ప్రైవేటు పరిశ్రమల వంతు 36 శాతం చిల్లర. గ్రూపుల్లో డబ్బుకు కొరత లేదు. ఫలితం ఎప్పుడొస్తుందో చెప్పలేని పనికి ఆ డబ్బును పదేళ్లు కేటాయించి ఉంచగల ఓపికకే కొరత.

అమిత్ సేరు 2014లో ప్రచురించిన పరిశోధన మీ ప్రశ్నకు సూటిగా తగులుతుంది. అమెరికాలో వేరే రంగపు కంపెనీలో కలిసిపోయిన సంస్థలనూ, అలా కలవబోయి చివరి క్షణంలో ఆగిపోయిన సంస్థలనూ ఆయన పోల్చారు. కలిసిపోయినవాటిలో పేటెంట్ల సంఖ్యా తగ్గింది, వాటిలోని కొత్తదనమూ తగ్గింది. ప్రధాన కార్యాలయం ఏటా డబ్బును ఒక విభాగం నుంచి మరో విభాగానికి చురుగ్గా మార్చే గ్రూపుల్లో ఇది ఎక్కువగా కనిపించింది. కారణం ఊహించడం కష్టం కాదు. వచ్చే ఏడాది తన బడ్జెట్టు పక్క విభాగానికి పోవచ్చని తెలిసిన శాస్త్రజ్ఞుడు పదేళ్ల పని ఎత్తుకోడు, వచ్చే మార్చిలోగా చూపించగలిగే పనే ఎత్తుకుంటాడు.

యాజమాన్యం వైపు నుంచి చూస్తే రెండు ఫలితాలు గుర్తుంచుకోండి. అఘియోన్, వాన్ రీనెన్, జింగేల్స్ 2013లో, పెద్ద మదుపు సంస్థల వాటా ఎక్కువ ఉన్న కంపెనీల్లో ఆవిష్కరణలు ఎక్కువని చూపారు. ఒక ఏడాది లాభం తగ్గితే మేనేజరు అసమర్థుడో, పరిశోధన మీద ఖర్చుపెట్టడం వల్ల తగ్గిందో తెలుసుకునే శ్రమ ఆ సంస్థలు తీసుకుంటాయి కాబట్టి, మేనేజరు ఉద్యోగ భయం లేకుండా సాహసం చేస్తాడని వారి వివరణ. కుటుంబ కంపెనీల మీద 42 దేశాల్లోని 108 అధ్యయనాలను కలిపి 2016లో చేసిన విశ్లేషణలో మరో సంగతి తేలింది. కుటుంబాలు పరిశోధన మీద తక్కువ ఖర్చుపెడతాయి, కానీ పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితం రాబడతాయి. సొంత డబ్బు కాబట్టి చేయి బిగువు, పని తెలిసిన పాత మనుషులు పక్కన ఉంటారు కాబట్టి వృథా తక్కువ.

ఇక్కడ డాక్టర్ కల్లం అంజిరెడ్డి గురించి రాయకపోతే ఈ సమాధానం నాకే అసంపూర్తిగా అనిపిస్తుంది. మన గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఇతరులు కనిపెట్టిన మందులను చవకగా తయారుచేసి లాభాలు గడిస్తున్న రోజుల్లోనే, కొత్త అణువుల (మందుగా పనికొచ్చే కొత్త రసాయనాల) కోసం ప్రత్యేకంగా పరిశోధనా సంస్థ పెట్టారు. 1997లో మధుమేహానికి పనికొచ్చే ఒక అణువును డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చారు. సొంతంగా కనిపెట్టిన అణువును ఒక విదేశీ సంస్థకు ఇలా ఇచ్చిన మొదటి భారతీయ కంపెనీ అదే. మరుసటి ఏడాది ఇచ్చిన రెండో అణువు మీద పరీక్షలు, జంతువుల్లో కణితులు కనిపించడంతో 2002లో ఆగిపోయాయి. మొదటిదీ చివరికి మందుల దుకాణం దాకా చేరలేదు. లాభనష్టాల పట్టికలో ఇది ఓటమి. కానీ ఆ ప్రయోగశాలల్లో పనిచేసి బయటికి వచ్చిన రసాయన శాస్త్రజ్ఞులు హైదరాబాదు మందుల పరిశ్రమ నిండా ఉన్నారు. మూడు నెలలకోసారి ఫలితాలు అడిగే మార్కెట్టు ముందు, స్థాపకుడి మాటకు తగిన బరువు ఉండటం వల్లనే ఆ పని అన్నేళ్లు సాగిందని నేను నమ్ముతాను. మీ ప్రాజెక్టుకు విషయం వెతుకుతున్నట్లయితే ఈ కంపెనీ వార్షిక నివేదికలు ఇరవై ఏళ్లవి వరసగా చదవండి.

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర మిర్చి ప్రాసెసింగ్. కారం పొడి అమ్ముతూ, మిర్చి నుంచి ఘాటు, రంగు విడదీసే యూనిట్ పెట్టాలనుకుంటున్నాం. ఒక ప్రైవేట్ ఈక్విటీ సంస్థ (మదుపరుల సొమ్ము తెచ్చి కంపెనీల్లో పెట్టేది) పెట్టుబడి పెట్టి 30 శాతం వాటా అడుగుతోంది. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీరు తలపెట్టింది దగ్గరి విస్తరణ, మిమ్మల్ని అభినందిస్తున్నాను. తేజా, 334 అనే మిర్చి రకాల మధ్య తేడా యార్డులో చేత్తో తుంచి చెప్పగలిగే మీకు, ఏ లాటు ఘాటుకు పంపాలి, ఏ లాటు రంగుకు పంపాలి అన్న నిర్ణయంలో కొత్తవారికి లేని బలం ఉంది. ఆ 334 కూడా మన లాం ఫారం పరిశోధనా కేంద్రంలోని శాస్త్రజ్ఞులు రూపొందించి ఇచ్చిన రకమే కదా. వారితో కలిసి పనిచేసే అవకాశం మీకు ఊరి పొలిమేరలోనే ఉంది.

వాటా సంగతికి వస్తే, 30 శాతమా 25 శాతమా అన్న బేరం కంటే ఆ సంస్థ ఎన్నేళ్లలో బయటికి వెళ్లాలనుకుంటోందన్నది ముందు అడగండి. ఇలాంటి సంస్థలు సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్లలో తమ వాటా అమ్ముకుని వెళ్లాలి, ఎందుకంటే వారిదీ ఒకరి దగ్గర తీసుకున్న సొమ్మే. మీ కొత్త యూనిట్ నాణ్యత స్థిరపడి, విదేశీ కొనుగోలుదారు మీ నమూనాలు పరీక్షించి, మొదటి పెద్ద ఆర్డరు ఇచ్చేసరికి మూడు, నాలుగేళ్లు గడుస్తాయి. గడువు మరీ దగ్గరైతే ప్రయోగశాల ఖర్చే ముందు కోతకు గురవుతుంది. ఒప్పందంలో పరిశోధనకూ నాణ్యతకూ కేటాయించే మొత్తాన్ని మొదటి ఐదేళ్లూ తగ్గించకూడదని రాయించుకోండి. డాక్టర్ రెడ్డీస్ 2005లో బయటి పెట్టుబడితో పెర్లెకాన్ ఫార్మా అనే ప్రత్యేక కంపెనీ పెట్టి కొన్ని అణువుల ఖర్చును అందులోకి మార్చింది. అలాగే మీరు కూడా కొత్త యూనిట్‌ను వేరే కంపెనీగా పెట్టి, అందులోనే వారికి వాటా ఇచ్చే మార్గాన్ని మీ ఆడిటర్‌తో చర్చించండి. అయితే ఒక హెచ్చరిక. అప్పుడు మీ కారం పొడి కంపెనీకీ కొత్త కంపెనీకీ మధ్య సరుకు ధర ఎలా కట్టాలన్నది ముందే రాసుకోవాలి. లేకపోతే బ్రాడీపేట పాఠకురాలికి నేను చెప్పిన తూము మీ ఇంట్లోనే తయారవుతుంది, ఈసారి అనుమానించేది మీ భాగస్వామి.

ప్రశ్న: ఒక కంపెనీ పరిశోధన మీద ఎంత ఖర్చుపెట్టింది, ఏ విభాగం లాభం ఎటు వెళ్లింది అన్నది మామూలు మనిషి ఎక్కడ చూడాలి?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: లిస్టయిన కంపెనీ అయితే వార్షిక నివేదికలోని డైరెక్టర్ల నివేదికకు జతచేసిన అనుబంధాల్లో, సాంకేతికతకు సంబంధించిన భాగం కింద పరిశోధన ఖర్చు ఇస్తారు. విభాగాల వారీ ఆదాయం, లాభం, ఆస్తులు ఆర్థిక పట్టికల చివర నోట్స్‌లో ‘సెగ్మెంట్’ అన్న శీర్షిక కింద ఉంటాయి. ఒక విభాగం లాభం ఎక్కువగా, దాని ఆస్తులు ఏటేటా కదలకుండా ఉండి, లాభం తక్కువ ఉన్న విభాగం ఆస్తులు పెరుగుతూ పోతుంటే, సొమ్ము ఎటు పారుతోందో మీకే అర్థమవుతుంది. ఆ నోట్స్‌లోనే ఉండే సంబంధిత వ్యక్తుల లావాదేవీల నోట్ కూడా చూడండి. వాటాల వివరాలు మూడు నెలలకోసారి బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి, తాకట్టు వివరాలూ అక్కడే ఉంటాయి. ఒక్క ఏడాది కాగితాలతో నిర్ణయానికి రాకండి. కనీసం ఐదేళ్లవి పక్కపక్కన పెట్టుకుని, ఒక తెల్లకాగితం మీద విభాగాల పేర్లు నిలువుగా, సంవత్సరాలు అడ్డంగా రాసుకుని, అంకెలు చేత్తో నింపండి.